కుక్క మొరగడం మానేస్తే



ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీ వీధిలో కట్టేసి పెంచుతున్న కుక్కలు ఎన్ని? లెక్క చెప్పగలరు. పేర్లు కూడా చెప్పగలరేమో. మరి వాటిలో ఈ నెల రోజుల్లో మొరగడం మానేసిన కుక్క ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు కాస్త ఆలోచించాల్సి వస్తుంది. మొరిగే కుక్క మన నిద్ర చెడగొడుతుంది కనుక గుర్తుంటుంది. మొరగని కుక్క ఎవరికీ గుర్తుండదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ మొరగని కుక్క గురించి, దాన్ని ఇష్టంగా తెచ్చుకుని ఇక సాకలేకపోతున్న మనిషి గురించి.

హోసూరులో మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. కొడుకు ఉద్యోగం మీద దూర రాష్ట్రంలో ఉంటాడు. ఇంట్లో ఆలుమగలిద్దరూ, ఒక నాటు కుక్క. దాని పేరు మణి. ఎర్రటి ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది. పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ దానికి రెండు పూటలా సంకటి, మజ్జిగ, ఆదివారం ఒక ముక్క దక్కేవి. సాయంత్రం ఆవిడ వాకిట్లో కూర్చుంటే అది ఆవిడ కాళ్ళ దగ్గర పడుకునేది. ఆవిడ కాలం చేశారు. ఆ తర్వాత పెద్దాయన మణిని మెట్ల కింద కట్టేశారు. మొదట్లో రాత్రంతా మొరిగేది. వీధిలో అందరం విసుక్కున్నాం. పిల్లలకు పరీక్షలని ఒకరు, పొద్దున్నే షిఫ్టుకు పోవాలని ఒకరు గొణిగారు. కొన్ని వారాలకు మొరగడం ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

నెల దాటాక పాలు పోసే ఆవిడ, ఆ ఇంటి మెట్ల దగ్గర ముక్కు పగిలే వాసన వస్తోందని చెబితే వెళ్ళి చూశాను. మణి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. గిన్నె అడుగున నాచు ఎండి పెచ్చులు కట్టింది. మెడకు కట్టిన పట్టీ చర్మంలోకి దిగిపోయి పుండైంది, అందులో పురుగులు. నన్ను చూసి తోక కొంచెం కదిపింది, లేవలేదు. నాకు కోపం వచ్చింది. పెద్దాయనను నాలుగు మాటలు అడిగేద్దామని లోపలికి పోయాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవక ముందే ఆయనే అన్నారు: "చూసినావా అయ్యవారూ? పట్టీ విప్పుదామంటే వంగలేను. వంగితే లేవలేను. ఎవరినన్నా పిలుద్దామంటే నోరు రాలేదు."

అడుగుదామనుకున్న నాలుగు మాటలూ గొంతులోనే ఉండిపోయాయి. పొయ్యి వైపు చూస్తే నిన్నటి గిన్నెలో చల్లన్నం ఉంది. మనిషి కూడా ఒక పూటే తింటున్నాడు. ఆ రోజు నాకు అర్థమైనదే ఈ ప్రసంగంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. కుక్క గిన్నె ఎండిన ఇంట్లో మనిషి కంచం సంగతి కూడా చూడాలి. ఆలనాపాలనా లేని కుక్క వెనక చాలాసార్లు ఉండేది దుర్మార్గుడు కాదు, చేతకాని స్థితికి వచ్చి ఆ మాట చెప్పుకోలేని మనిషి. కుక్కను కాపాడడమంటే ఆ మనిషి దగ్గరకు తొందరగా వెళ్ళడం.

మన ప్రాంతంలో ఇలాంటివి ఎందుకు పెరుగుతున్నాయో ఒకసారి చూద్దాం. హోసూరుకు సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఊరు ఊరంతా మారింది. 2019లో నగరపాలక సంస్థ అయింది. అద్దె ఇళ్ళు పెరిగాయి. ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకున్న కుటుంబానికి ఏడాది తిరిగేసరికి బదిలీ వస్తుంది. కొత్త ఇంటి యజమాని కుక్క వద్దంటాడు. పల్లెల్లో ఇంకో తీరు. సూళగిరి, బేరికె, బాగలూరు పక్కన పూలతోటలకు, కూరగాయల తోటలకు, కృష్ణగిరి చుట్టూ మామిడితోపులకు కాపలాగా కుక్కను కడతారు. కాయ దిగి, గుత్తకు తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోయాక దానికి తిండి పెట్టే చెయ్యి ఉండదు. మూడోది ముసలితనం. పిల్లలు బెంగళూరులో, చెన్నైలో ఉంటారు. అమ్మానాన్నలకు తోడుగా ఉంటుందని వాళ్ళే ఒక కుక్కను తెచ్చి ఇస్తారు. కుక్క పన్నెండు, పదమూడేళ్ళు బతుకుతుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇచ్చేటప్పుడు ఆ లెక్క ఎవరూ వేయరు.

సరే, మీ పక్కింట్లో అలాంటి కుక్క ఉందని అనుమానం వచ్చింది. దేన్ని చూసి తేల్చుకోవాలి? నాటు కుక్క సన్నగా ఉండడం సహజమే. సన్నగా ఉండడం వేరు, చిక్కిపోవడం వేరు. పక్కటెముకలు చేతికి తగిలితే ఫర్వాలేదు. దూరం నుంచే పక్కటెముకలూ, నడుము ఎముకలూ, వెన్నుపూసా కనబడుతుంటే అది ఆకలి గానీ, కడుపులో పురుగులు గానీ, మరో జబ్బు గానీ. నీళ్ళ గిన్నె చూడండి. ఇరవై కిలోల కుక్కకు రోజుకు లీటరు పైనే నీళ్ళు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడి తగ్గించుకుంటుంది. హోసూరు చల్లని ఊరని పేరు గానీ, ఏప్రిల్ నెలలో రేకుల కింద గొలుసుతో కట్టిన కుక్కకు ఆ చల్లదనం అందదు. కృష్ణగిరి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇంకా గోళ్ళు వంకర తిరిగి పెరిగాయా, బొచ్చు అట్టలు కట్టిందా, చెవుల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నాయా, పడుకున్న చోటే మలమూత్రాలు ఉన్నాయా, మెడపట్టీ కింద రెండు వేళ్ళు దూరుతాయా, ఇవన్నీ గమనించండి. అన్నిటికన్నా ముందు, మనిషి దగ్గరికి వస్తే లేచి చూస్తుందా లేదా అన్నది గమనించండి. అరిచే కుక్కలో ఇంకా ఆశ ఉంది. మూల చూసుకుని పడుకున్న కుక్కకు ఆలస్యం పనికిరాదు.

ఇప్పుడు అసలు కష్టమైన పని, యజమానితో మాట్లాడడం. "ఏమండీ, కుక్కను చంపుతున్నారా?" అని మొదలుపెట్టారో, ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. కుక్క లోపలి పెరట్లోకి మారుతుంది, మీ కంటికి కూడా కనబడదు. కనుక పది మందిలో మాట్లాడకండి. ఒంటరిగా వెళ్ళండి. ముందు మనిషి యోగక్షేమం అడగండి. ఆ తర్వాత, "ఈ మధ్య మీకు దీన్ని చూసుకోవడం కష్టంగా ఉన్నట్టుంది, నేనేమన్నా చెయ్యనా?" అని అడగండి. ఎంతో మందికి ఆ ఒక్క ప్రశ్న చాలు. వాళ్ళు ఆ మాట కోసమే కాచుకుని ఉంటారు.

అప్పుడు మూడు దారులు ఉంటాయి. మొదటిది, కుక్క ఆ ఇంట్లోనే ఉండడం, పని మాత్రం మనం పంచుకోవడం. పొద్దున ఒకరు నీళ్ళు పెట్టి వీధి చివరిదాకా నడిపిస్తారు, సాయంత్రం ఒకరు తిండి పెడతారు, ఏడాదికొకసారి ఒకరు ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా వేయిస్తారు. పొలానికి నీళ్ళ వంతు వేసుకున్నట్టే ఇది కూడా. యజమాని తాత్కాలికంగా జబ్బుపడినా, పురిటికి వెళ్ళినా, ఆపరేషన్ అయినా ఈ దారే మంచిది. రెండోది, కొన్నాళ్ళు మరొకరి ఇంట్లో ఉంచి యజమాని కోలుకున్నాక తిరిగి ఇవ్వడం. మూడోది, ఇక కుదరదని తేలినప్పుడు యజమాని ఒప్పుదలతో కొత్త ఇల్లు చూడడం. కుక్కను మంచి చేతుల్లో పెట్టడం ద్రోహం కాదని ఆ యజమానికి గట్టిగా చెప్పాలి. చాలామంది ఆ అపరాధభావంతోనే కాలయాపన చేస్తారు.

ద్రోహమంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. గోనెసంచిలో వేసుకుని పోయి ఇంకో ఊళ్ళో, సంతలో, గుడి దగ్గర, అడవి అంచున వదిలేయడం. "ఎక్కడో ఒకచోట బతుకుతుందిలే" అంటారు. ఇంట్లో పెరిగిన కుక్క అలా బతకదు. ప్రతి వీధికీ అక్కడి కుక్కల గుంపు ఉంటుంది, కొత్తదాన్ని అవి రానివ్వవు. దానికి రహదారి దాటడం తెలియదు, తిండి వెతుక్కోవడం తెలియదు. తళి, డెంకణీకోట అడవుల పక్కన చిరుతలకు కుక్క తేలికగా దొరికే ఆహారం. అందులో కుక్కకు హాని ఒక్కటే కాదు, కుక్క రుచి మరిగిన చిరుత ఊళ్ళోకి వస్తుంది. టీకా లేకుండా వదిలిన కుక్క వల్ల ఊరికి రేబిస్ భయం కూడా ఉంది.

వదిలేయడం పాపమే కాదు, నేరం కూడా. దీని వెనక ఒక కథ ఉంది. భరతనాట్యానికి, కళాక్షేత్రానికి పేరుపడిన రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టాలని ఆవిడ సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ హామీ ఇచ్చిన మీదట దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. చట్టంలోని పదకొండో సెక్షన్ మనకు పనికొస్తుంది. యజమాని అయి ఉండి చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను నడిపించకపోవడం, సరైన కారణం లేకుండా ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం, ఇవన్నీ ఆ సెక్షన్ ప్రకారం నేరాలు.

మరి శిక్ష? మొదటిసారి పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో రాసిన అంకెలు ఇవి. ఇప్పుడు యాభై రూపాయలకు హోటల్లో ఒక భోజనం రాదు. అందుకే చట్టం మీదనే భారం వేసి కూర్చోవద్దంటాను. అలాగని చట్టం దండగ కాదు. నేరం రుజువైతే జంతువును యజమాని నుంచి తప్పించే అధికారం న్యాయస్థానానికి ఉంది. చంపడం, కాళ్ళు విరగగొట్టడం లాంటివి చేస్తే 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు.

ఒక హెచ్చరిక. జాలి కొద్దీ గోడ దూకి కుక్కను ఎత్తుకు రాకండి. చట్టం దృష్టిలో అది ఆ యజమాని ఆస్తి. మంచికి పోయి మీరు దొంగతనం కేసులో ఇరుక్కుంటారు. మాట వినకుండా, నిజంగానే హింస పెడుతున్నాడని తేలితే తేదీలతో రాసిపెట్టుకోండి, బయటి నుంచి కనబడినంత వరకు ఫోటోలు తీయండి, పోలీసు స్టేషనులో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు, కలెక్టరు కార్యాలయానికి ఒక ప్రతి పంపండి. అన్ని ప్రయత్నాలూ అయ్యాకే ఇది.

ఇక యజమాని ఒప్పుకున్నాడు, కుక్కను తీసుకురావాలి. ఇక్కడ తొందర పనికిరాదు. భయపడిన కుక్క, నొప్పితో ఉన్న కుక్క, ఎంత మంచిదైనా కరుస్తుంది. వీలైతే యజమానినే పక్కన ఉంచుకోండి. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడకండి, పైనుంచి తల మీద చెయ్యి వేయకండి. పక్కకు తిరిగి కాస్త దూరంలో కింద కూర్చోండి. గొలుసు పట్టి లాగకండి. అది మీ వాసన చూసేదాకా ఆగండి. పుండు ముట్టుకోవాల్సి వస్తే మూతికి చిక్కం వేయాలి. ఎడ్లకు వేసే చిక్కం మీకు తెలుసు. కుక్కకైతే మెత్తని గుడ్డపీలికను మూతి చుట్టూ రెండు చుట్లు తిప్పి, చెవుల వెనక ముడి వేస్తే చాలు. ఎక్కువసేపు ఉంచకూడదు, అది రొప్పడానికి వీలుండాలి. వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా అసలు వేయకూడదు.

ఎంత జాగ్రత్తపడ్డా పన్ను తగిలితే, గీరినా సరే, ఆ చోటును పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. టీకా అక్కడ ఉచితం. డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి, రెండు సూదులు పడ్డాయని మానేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

తెచ్చిన తర్వాత మొదటి వారం చాలా సున్నితమైనది. పస్తున్న కుక్కను చూడగానే మనకు గిన్నెనిండా పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిసి బందీల శిబిరాలు తెరిచినప్పుడు, ఆకలితో కృశించిన మనుషులు ఒక్కసారిగా కడుపునిండా తిని చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఒంట్లో లవణాలు తారుమారై గుండె ఆగుతుంది. కుక్క ఒళ్ళయినా అంతే. రోజంతటి తిండిని నాలుగైదు భాగాలు చేసి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఉప్పు కారం లేని మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం మంచివి. సంకటి పెట్టవచ్చు గానీ, ఒట్టి సంకటితో కండ పట్టదు. పాలు కొన్ని కుక్కలకు విరేచనాలు తెస్తాయి. ఉడికించిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం.

రెండో తప్పు నాటువైద్యం. గజ్జి పట్టిన కుక్కకు మన దగ్గర మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన మాడిన ఇంజినాయిలు పూయడం అలవాటు. అది చర్మాన్ని కాలుస్తుంది, కుక్క నాకితే విషం కడుపులోకి పోతుంది. పురుగులు పట్టిన పుండులో కిరోసిన్, ఫినాయిలు పోయడం కూడా అలాంటిదే. గేదెకు తెచ్చిన మందు మిగిలిందని కుక్కకు వేయడం ఇంకా ప్రమాదం, మోతాదు తప్పితే ప్రాణం పోతుంది. మనది పశువుల ప్రాంతం. మత్తిగిరిలో సర్కారు పశుక్షేత్రం దొరల కాలం నుంచి ఉంది. మన ఊళ్ళ పశువుల ఆసుపత్రులు ఆవులకూ గేదెలకే అనుకుంటారు చాలామంది. కుక్కకు కూడా అక్కడ వైద్యం చేస్తారు. తీసుకుపోలేని స్థితి ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు రక్తాన్ని పీల్చేస్తాయి. కుక్క పెదవి ఎత్తి చూసి చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే ఆ రోజే వైద్యుడికి చూపించండి. రేబిస్ టీకా సంగతి కూడా ఆయననే అడగండి. పిల్లకు మూడో నెలలో మొదలుపెట్టి, తర్వాత వైద్యుడు చెప్పినట్టు ఏటేటా వేయించాలి.

మా మణిని ఆటోలో తీసుకెళ్ళాం. వైద్యుడు మత్తు ఇచ్చి మెడపట్టీని కోసి తీశారు. నలభై రోజులు మా ఇంట్లో ఉంది. మొదటి పది రోజులూ మంచం కింద నుంచి బయటికి రాలేదు. అప్పుడు మేము చేసిందల్లా వేళకు గిన్నె పెట్టి అవతలికి పోవడమే. పదకొండో రోజు పొద్దున మా పాపాయి చెప్పుల పక్కన పడుకుని ఉంది. నెల తిరిగేసరికి, వీధిలో గ్యాస్ బండి రాగానే ఒకసారి మొరిగింది. ఇంట్లో ఎవరం విసుక్కోలేదు.

కొత్త ఇల్లు వెతకడంలో కూడా తొందరపడకూడదు. "మాకు ఇవ్వండి" అన్న మొదటివాళ్ళకు ఇచ్చేస్తే, కుక్క ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకు మారుతుంది. కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? సొంత ఇల్లా, అద్దె ఇల్లా? పగలు ఎవరుంటారు? ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? కట్టేసి ఉంచుతారా? ఇదివరకు పెంచిన కుక్క ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులో చాలా సంగతులు తెలుస్తాయి. ఒకసారి వాళ్ళ ఇంటికి మీరే వెళ్ళి చూడండి. పదిహేను రోజులు ఉంచుకుని చూడమనండి, కుదరకపోతే మీకే తిరిగి ఇవ్వాలన్న షరతు పెట్టండి. ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. లేకపోతే ఒక అనాథ స్థానంలో ఆరు అనాథలు వస్తాయి. యజమాని ఫలానా తేదీన ఇష్టపూర్వకంగా ఇచ్చాడని ఒక కాగితం రాయించి, ఇద్దరి సంతకాలూ తీసుకుని, టీకా కార్డుతో కలిపి ఇవ్వండి. రేపు ఏ తగాదా రాకుండా అది కాపాడుతుంది.

జంతు సంస్థలకు ఇచ్చేస్తే పోదా అని మీరు అడగవచ్చు. చెన్నైలో 1959లో కెప్టెన్ సుందరం మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఉంది. బెంగళూరులో 1991 నుంచి క్యూపా అనే సంస్థ పనిచేస్తోంది. విశాఖపట్నం, హైదరాబాదుల్లోనూ ఇలాంటి సంస్థలు ఉన్నాయి. ఎంతో సేవ చేస్తున్నారు. అయితే అవి గాయపడినవాటికీ దిక్కులేనివాటికీ మొదటి ఆసరా. ఒక ఇంటి ఒడిలో పెరిగిన కుక్క వందల కుక్కల మధ్య దిగులుతోనే చిక్కిపోతుంది. సలహా కోసం, అత్యవసరం కోసం వాళ్ళను అడగండి. ఇల్లు మాత్రం మన చుట్టుపక్కలే వెతకండి.

మణికి ఇల్లు కృష్ణగిరి అవతల ఒక మామిడితోపులో దొరికింది. ఇంట్లో ఎప్పుడూ మనుషులు ఉంటారు, గొలుసు లేదు. ఒక్కటే చిక్కు. వాళ్ళు తమిళులు, మణికి తెలిసింది తెలుగు. వాళ్ళు "వా" అంటే ఇది కదలదు, "ఉక్కారు" అంటే వెర్రిగా చూస్తుంది. మొండికుక్క అనుకున్నారు. నాకు ఫోన్ వచ్చింది. సరిహద్దు బడిలో రెండు భాషల పిల్లలకూ పాఠాలు చెప్పే నాకు ఈ సంగతి ముందే తట్టలేదు చూడండి! రా, కూర్చో, తిను, వద్దు, పద, చాలు అన్న ఆరు మాటలను తమిళ అక్షరాల్లో రాసి పంపాను. వాళ్ళు తెలుగు మాట చెప్పి, వెంటనే తమిళ మాట చెబుతూ వచ్చారు. నెల లోపల మణి రెండు భాషల కుక్క అయింది. పేరు మార్చే అవసరం రాలేదు. మణి తెలుగులోనూ మణే, తమిళంలోనూ మణే, పక్కనున్న కన్నడంలోనూ మణే. మీరు కుక్కను ఎవరికైనా ఇస్తే దానికి తెలిసిన మాటలు, తినే వేళ, దేనికి భయపడుతుందో, ఎక్కడ గోకితే ఇష్టమో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దానికి తెలిసిన లోకమంతా ఆ కాగితంలో ఉంటుంది.

మన జిల్లా పొలిమేరలో ఒక పాత సాక్ష్యం ఉంది. ఊత్తంగరై దాటి పోతే తిరువణ్ణామలై జిల్లాలో చెంగం వస్తుంది. ఆ దగ్గరే ఎడత్తనూరు అనే ఊళ్ళో ఒక వీరగల్లు దొరికింది. ఏడో శతాబ్దంలో మహేంద్రవర్మ పల్లవుని కాలం నాటిది. గేదెల మందను కాపాడుతూ చనిపోయిన ఒక మనిషి కోసం నిలిపిన రాయి అది. ఆ రాతి మీద మనిషి బొమ్మ పక్కన కుక్క బొమ్మ కూడా ఉంది. ఆ కుక్క పేరు కోవివన్ అనీ, ఇద్దరు దొంగలను కరిచి యజమాని దగ్గరే కాపలా నిలిచిందనీ చెక్కి ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఊరివాళ్ళు ఒక కుక్క పేరును రాతి మీద దాచిపెట్టారు. యజమాని చేతకాకుండా పడిపోయినప్పుడు కుక్క నిలబడింది, కుక్కను ఊరు గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు యజమానికి చేతకానప్పుడు ఆ కుక్క పక్కన నిలబడాల్సింది మన వీధి.

మణి మెడ చుట్టూ ఇప్పటికీ వెంట్రుక మొలవని గీత ఒకటి ఉంది. అది మా వీధి ఆలస్యానికి గుర్తు. మొరగడం ఆగిన మొదటి వారంలోనే ఎవరైనా తలుపు తట్టి ఉంటే ఆ గీత ఉండేది కాదు. పెద్దాయన ఇంటికి ఇప్పుడు రోజూ ఎవరో ఒకరం వెళ్తున్నాం. ఒకరింటి నుంచి కూర, ఒకరింటి నుంచి మాత్రలు వెళ్తాయి. నేను కనబడితే ఆయన అడిగేది ఒక్కటే: "తింటున్నాడా?" తింటున్నాడని చెబుతాను. "మొరుగుతున్నాడా?" అని నేనే కలుపుకుని, మొరుగుతున్నాడని కూడా చెబుతాను. ఆయన తల ఊపుతారు.

శ్రోతలారా, ఈ సాయంత్రం ఒక్క పని చేయండి. మీ వీధిలో ఒకసారి నడిచి రండి. మొరగని కుక్క ఉన్న ఇంటి ముందు ఆగండి. గిన్నెలో నీళ్ళున్నాయా చూడండి. తర్వాత లోపలికి తొంగిచూసి, "బాగున్నారా?" అని ఆ ఇంటి మనిషిని పలకరించండి.